ఎండకు పెట్టిన ప్రాజెక్టు

మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపు అంటే నాకు తలనొప్పి. పొద్దుగాల లేస్తే పూల బొమ్మలు, నీతులు, పిల్లల పెండ్లి ఫొటోలు. ఎప్పుడో మ్యూట్‌ల పెట్టి పడేసిన. అందుకే యాదగిరి పోయిన సంగతి నాకు మూడో నాడు తెలిసింది. "మన యాదగిరి ఇక లేడు. హార్ట్ ఎటాక్. షాపుల కూసున్నోడు కూసున్నట్టే పోయిండట" అని ఎవరో పెట్టిండ్రు. కింద వరుసగ దండాల బొమ్మలు. కాలేజీల ఉన్నన్ని రోజులు అతన్ని ఒక్కసారి పలకరించనోళ్లు కూడ దండం పెట్టిండ్రు. ఒకాయన మాత్రం, మంచి బుర్ర, అదృష్టమే లేదు పాపం, అని రాసిండు. నేను ఆ మాట కాడనే ఆగిపోయిన. అదృష్టం లేదట! అతనికి లేకుండ చేసిన మనిషి ఒకతి ఉన్నది, ఆమె అదే గ్రూపుల ఉన్నది, ఆ మెసేజి చదువుతున్నది. ఆమె నేనే.

ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటినంక, ఆంధ్ర దిక్కు పోయే బస్సులు ఆగే కాడ, అతనికి మోటర్ వైండింగ్ షాపు ఉండె. ఏండ్ల సంది నాకు తెలుసు. నేను పాఠాలు చెప్పే కాలేజీకి పోవాల్నంటే మెట్రో ఆఖరి స్టేషన్ ఎల్‌బీ నగర్‌ల దిగుడు సులువు. నేను మాత్రం ఒక స్టేషన్ ముందే దిగి, లోపలి గల్లీల పడి ఆటోల పోతుంటి. "ఎందుకు మేడం, ఇంకొక్క స్టేషనే గదా?" అని తోటి లెక్చరర్ అడిగితే, ఆడ రద్దీ ఎక్కువ అన్న. రద్దీ లేదు, గిద్దీ లేదు. ఒక్కసారి ఫోన్ మాట్లాడుకుంట పరధ్యానంల ఎల్‌బీ నగర్‌ల దిగిన. మెట్ల మీదికెల్లి చూస్తే యాదగిరి షాపు ముందల స్టూలు మీద కూసోని రాగి తీగ చుడుతున్నడు. జుట్టు నెరిసింది. తలెత్తి చూడలే. నాకు మాత్రం ఆ వారమంత నిద్ర లేదు. బతికున్న మనిషి దయ్యమోలె పట్టుకునుడు ఏంది అని మీరు నవ్వుతరేమో. పట్టుకుంటడు. అనుభవం మీద చెప్తున్న.

మా ఇల్లు కొత్తపేటల పండ్ల మార్కెట్ వెనక ఉండె. ఇప్పుడు ఆ మార్కెట్ లేదు, ఎత్తేసి దూరం తీస్కపోయిండ్రు. అప్పట్ల ఎండకాలం వచ్చిందంటే మాగిన మామిడిపండ్లు, కుళ్లిన బత్తాయిలు, లారీలల్ల పరిచే గడ్డి, అన్ని వాసనలు కలిసి మా ముందటి అర్ర దాకా వచ్చేటివి. మాది పోచంపల్లి దిక్కు నేతపని కుటుంబం. నాయిన దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణం పెట్టినంక అందరం పట్నం వచ్చినం గని, తాత మాత్రం తన పనిని వెంటబెట్టుకొని వచ్చిండు. పొద్దంత వరండాల కూసోని నూలుకు చిటికి కట్టేటోడు. చిటికి అంటే ఏం లేదు, నూలుపోగుల మీద ఎక్కడ రంగు అంటొద్దో అక్కడ రబ్బరు పట్టీ బిగించి కట్టుడు. కట్టి రంగుల ముంచితే, కట్టు కింద ఉన్నది తెల్లగనే ఉంటది. నేస్తుంటే ఆ తెలుపే పువ్వయితది, చిలుకయితది. తాత మాట తక్కువ మనిషి. పిల్లలం ఇల్లు పీకి పందిరేసినా ఏమనేటోడు కాదు. ఆ కట్టు మీద గోరు పెడితే మాత్రం వాడకట్టంత వినిపించేటట్టు అరిచేటోడు.

నాయనమ్మ సంగతి వేరు. ఆమెకు ఎండే దవాఖాన. మిరపకాయలు, చింతపండు, బియ్యం సరే, అందరిండ్లల్ల ఎండబెడ్తరు. మా నాయనమ్మ పరుపులు, చెప్పులు, నాయిన దుకాణం లెక్కల పుస్తకాలు, నా డిక్షనరీ, ఒకసారి ఆగిపోయిన గోడ గడియారం కూడ డాబా మీద ఆరబెట్టింది. విచిత్రం ఏందంటే ఆ గడియారం మళ్ల నడిచింది. ఇక ఆమెను పట్టేదెవరు? "జర ఎండ సూపెట్టు బిడ్డా, అదే మంచిగైతది" అని ఇంట్ల జ్వరమొచ్చినోళ్లకు కూడ చెప్పేది. పొద్దుగాల ఏడింటికి అన్ని మేడ మీదికి ఎక్కిచ్చుడు, పొద్దు గూకంగ దించుడు. ఇంకో అలవాటు, పనిచేసే ప్రతి వస్తువుకు పసుపు కుంకుమ. తాత కత్తెరకు, నాయిన స్కూటర్‌కు, మిక్సీకి, ఫ్రిజ్‌కు బొట్టు ఉండేది. నేను కొత్తగ కొన్న కాలిక్యులేటర్‌కు బొట్టు పెడితే కుంకుమ మీటల సందులల్ల పడి ఏడు నంబరు పనిచేయకుండ పోయింది. నేను లొల్లి చేస్తే, "ఏడు ఒక్కటే గదనే పోయింది, ఇంకా తొమ్మిది ఉన్నయి గదా" అన్నది.

నేను చదివింది కంప్యూటర్ డిగ్రీ. సగం హార్డ్‌వేర్, సగం సాఫ్ట్‌వేర్. ఇంటికొచ్చిన చుట్టాలు టైపింగ్ నేర్చుకుంటున్న అనుకునేటోళ్లు. చదువుల నేను ముందే ఉంటుంటి, అది నిజం. ఏ ప్రశ్న అడిగినా పుస్తకంల ఏ పేజీల ఏ మూలకు జవాబు ఉందో చెప్తుంటి. చెయ్యమంటే మాత్రం చేతులు రాకపోయేటివి. యాదగిరి దీనికి ఉల్టా. దేవరకొండ దిక్కు పల్లె నుంచి వచ్చి మా మేడ మీది రేకుల రూముల కిరాయికి ఉండేటోడు, నా క్లాసే. పరీక్షలల్ల అత్తెసరు మార్కులు, ఇంగ్లీషుల ఒక పేరా రాయాల్నంటే చెమటలు. గని సోల్డరింగ్ ఐరన్ చేతిల పట్టిండంటే ఇక లోకం సోయి ఉండకపోయేది. రోజు సాయంత్రం కిందికి దిగొచ్చి వరండాల తాత పక్కన కూసోని తన బోర్డు ముందల పెట్టుకునేటోడు. ఒకరు పోగులు, ఒకరు వైర్లు. ఇద్దరికి ఇద్దరు మాట్లాడకపోయేటోళ్లు. రంగు వాసన, సోల్డరింగ్ పొగ వాసన కలిస్తే ఒక తీరు ఘాటు ఉంటది. ఇప్పుడు కూడ ఏ రిపేరు షాపు ముందుకెల్లి పోయినా ఆ ఘాటుకు నా నడక వేగమైతది.

ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు చెయ్యాలె. చేసుడంటే, దిల్‌సుఖ్‌నగర్‌ల ఇరుకు మెట్లెక్కి ఏదో ఒక ప్రాజెక్టు సెంటర్‌కు పోవుడు. పెండ్లికి చీర తీసుకున్నట్టు నాలుగు చూపిస్తరు, ఒకటి ఏరుకుంటం. బోర్డు వాళ్లదే, బంగారు అక్షరాల రిపోర్టు వాళ్లదే, వైవాల సార్లు ఏం అడుగుతరో జవాబులతో సహా చెప్పి పంపిస్తరు. క్లాసు క్లాసంత గట్లనే చేసింది. కొనంది మేమిద్దరమే, నేను, యాదగిరి. నా గొప్పతనమేం లేదు. మేడ మీది మనిషి బోర్డు చేస్తడు, నేను రిపోర్టు రాస్త, హాయి, అనుకున్న. అతను చేసింది మాత్రం సరదాకు కాదు. వాళ్ల ఊర్ల పొలాలకు కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు, ఎప్పుడు పోతదో తెల్వదు. అది వచ్చినప్పుడు వాళ్ల నాయిన చీకట్ల పాములు తిరిగే గట్ల మీద పడి బాయి కాడికి ఉరకాలె, మోటర్ పెట్టాలె. కరెంటు వస్తే తనంతట తనే చూసుకొని మోటర్ పెట్టే డబ్బా చెయ్యాలని అతని పట్టుదల. బాయిల నీళ్లు లేకుంటే అదే బందు కావాలె. ఉప్పల్ దిక్కు ఒక చిన్న కంపెనీ సారుకు ఆ బోర్డు చూపిస్తే, "పాసైన మెమో తెచ్చుకో, ఆ రోజే చేరు" అన్నడట. వచ్చి తాతకు చెప్పిండు. తాత నవ్వుడు నేను తక్కువ చూసిన, ఆ రోజు నవ్విండు.

బోర్డు ఏం చెయ్యాల్నో మొత్తం ఒక్క చిప్‌ల రాసి ఉంటది. అప్పటి చిప్‌లకు నడుమ చిన్న గాజు కిటికీ ఉండేది. రాసింది తప్పయితే లాబ్‌ల ఒక డబ్బాల పెట్టి అతినీలలోహిత దీపం వెలిగిస్తే, ఆ కిటికీల నుంచి వెలుగు సోకి రాసిందంత చెరిగిపోతది, మళ్ల కొత్తగ రాసుకోవచ్చు. అందుకే రాసుడు అయిపోయినంక కిటికీ మీద నల్ల టేపు అతికిస్తరు. యాదగిరి కూడ అతికిచ్చిండు. మా ముందటి అర్రల అందరం చుట్టు కూసున్నంక మెయిన్ స్విచ్ బందు చేసి మళ్ల వేసిండు. జర సేపు ఏం కాలే. తర్వాత చిన్న మోటర్ దానంతట అదే గిర్రున తిరిగింది. "ఎవరు చెప్పిండ్రే దానికి?" అని నాయనమ్మ నోరు తెరిచింది. "నేనే అవ్వా, ముందుగాల్నే చెప్పి పెట్టిన" అన్నడు యాదగిరి. నేను నా రెండు కండ్లతోటి చూసిన ఆ మోటర్ తిరుగుడు.

రాతపరీక్షలు అయిపోయినయి, వైవాకు ఇంకా రెండు వారాలుండె. వాళ్ల నాయిన కాలు విరిగిందని కబురొచ్చింది. బోర్డు నాకు అప్పజెప్పి, "భాగ్యా, పైలం. వైవా నాటికి వస్త" అని యాదగిరి ఊరికి పోయిండు. అతను పోయిన రెండో నాడు గాలిదుమారం లేచి వాన దంచి కొట్టింది. మా ఇల్లు పాతది, నేను బోర్డు పెట్టిన అల్మారాల గోడ పొంటి నీళ్లు కారినయి. బోర్డు తడిసింది. నాయనమ్మ గబగబ తీసి కొంగుతోటి తుడిచి, ఇన్ని రోజులు బొట్టు పెట్టనందుకే గిట్ల అయింది అని పసుపు డబ్బా తెచ్చింది. "గీ నల్లదేందే, గాయానికి పట్టీ వేసినట్టు?" అని అడిగింది. టేపు తడిసి అప్పటికే ఒక కొస లేచింది. నాకు నా చదువు చూపించుకోవాలని బుద్ధి పుట్టింది. టేపు పీకి, "లోపల చూడు నాయనమ్మా, జరీ లెక్క ఎట్ల మెరుస్తున్నదో" అన్న. ఆమె కండ్లద్దాలు పైకెత్తి చూసి, లక్ష్మీదేవిని చూసినంత సంబురపడి పక్కన బొట్టు పెట్టింది. టేపుకు జిగురు పోయింది, బయట పడేసిన. తెల్లారి నుంచి బోర్డు మేడ మీద మిరపకాయల పక్కన. తొమ్మిది రోజులు. ఎండంటే రోహిణి కార్తె ఎండ. నేను రోజు బట్టలు ఆరేసెటందుకు పైకి పోతుంటి, దాన్ని చూస్తుంటి, తడి మంచిగ ఆరుతున్నదని మురిసిపోతుంటి.

అదే నెల మొదట్ల అయిన రాతపరీక్షల ఈ ప్రశ్నే వచ్చింది. అతినీలలోహిత కిరణాలు సోకితే చిప్ చెరిగిపోవునని బొమ్మ గీసి మరీ రాసిన, నూటికి నూరు మార్కుల జవాబు. గని నా లెక్కల ఆ కిరణాలు లాబ్‌ల డబ్బాల ఉంటయి, పుస్తకంల ఉంటయి. మా మేడ మీద మిరపకాయలను ఎండబెట్టే ఎండల కూడ ఉంటయని ఏ పుస్తకం చెప్పలే, నాకు తట్టలే. అది సరే. కట్టు ఎందుకు కడ్తరో, విప్పితే ఏమైతదో పుట్టినప్పటి సంది చూస్తున్న ఇంటి పిల్లను, ఆ టేపు ఎందుకు పీకిన?

వైవా నాడు యాదగిరి ఊరి నుంచి సీదా కాలేజీకి వచ్చిండు. నేను చిప్‌కు కొత్త టేపు అతికిచ్చి బోర్డు ఆటోల తెచ్చిన. అతని అంగికి చెమట, చెప్పులకు మట్టి, మొఖంల నవ్వు. స్విచ్ వేసిండు. ఎర్ర లైటు వెలిగింది. మోటర్ తిరగలే. మళ్ల వేసిండు. తిరగలే. లాబ్ సారు చిప్ తీసి మిషన్‌ల పెట్టి చూసి, "ఇందుల ఏం లేదు సార్, మొత్తం ఖాళీ" అని చెప్పిండు. ఆ ఖాళీ స్క్రీన్ మీద కనిపించిందో లేదో నాకు ఒక్కసారిగ అంత సమజైంది. టేపు, మేడ, తొమ్మిది రోజులు.

బయట నుంచి వచ్చిన ఎగ్జామినర్ పెద్దాయన, కోస్తా దిక్కు మనిషి, చెడ్డవాడేం కాదు. విసిగిపోయి ఉన్నడు. "ఏ సెంటర్లో కొన్నారు బాబూ? ఖాళీ చిప్పు అంటగట్టి పంపించాడు వాడు మీకు" అన్నడు. యాదగిరి బోర్డు మీద చెయ్యి పెట్టిండు. "కొనలే సార్. నేనే రాసిన. తిరిగింది సార్ ఇది. ఎట్ల పోయిందో తెల్వదు. గంట టైం ఇయ్యండి, మళ్ల రాస్త." పెద్దాయన తలకాయ అడ్డం ఊపి, "అందరూ ఇదే చెబుతారు. పనిచేసిందంటున్నావు, చూసినవాళ్లెవరన్నా ఉన్నారా?" అని నా దిక్కు తిరిగిండు. "నువ్వు చూశావా అమ్మా?"

చూసిన అంటే, మరి ఎట్ల పోయింది అని అడుగుతరు. నేనే టేపు పీకిన, మిరపకాయలతోటి ఆరబెట్టినం అని చెప్పాలె. క్లాసు మొత్తం తలుపు కాడ నిలబడి వింటున్నది. కంప్యూటర్ చదివిన పిల్ల చిప్‌ను ఎండబెట్టిందని నవ్వుతరు, నన్ను ఫెయిల్ చేస్తరు. గంతే నా భయం. ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్నగ ఉన్నదో! "లేదు సార్. నేను రిపోర్టు రాసిన. బోర్డు సంగతి అతనే చూసుకుండు, నాకు చూపియ్యలే" అన్న. యాదగిరి నా దిక్కు చూసిండు. కోపంగ చూస్తే బాగుండు. సమజ్ కానట్టు చూసిండు.

నేను పాస్. రిపోర్టు బాగుందని మెచ్చుకున్నరు. కొనుక్కొచ్చినోళ్ల బోర్డులు ఒక్కటి తప్పకుండ అన్ని తిరిగినయి. యాదగిరి ఫెయిల్. మళ్ల వైవా అంటే వచ్చే ఏడాది కింది క్లాసోళ్లతోని. ఉప్పల్ సారు ఏడాది ఎందుకు ఆగుతడు? ఇంటికి పోంగనే నాయనమ్మ ఎదురొచ్చి, "తిరిగిందా బిడ్డా?" అని అడిగింది. తిరిగింది అన్న. అదే రోజు చైతన్యపురిల మా మేనత్త ఇంటికి పోయి రెండు రోజులు ఆడనే దాక్కున్న. మొఖం చూపియ్యలేక పోయిన, వేరే పనేం లేదు. నేను వచ్చేసరికి యాదగిరి రేకుల రూము ఖాళీ చేసి ఊడ్చి పెట్టిండు, తాళంచెవి తాత చేతికి ఇచ్చి పోయిండు. ఆ ఏడాది వైవాకు అతను రాలే. ఆ తర్వాత కూడ రాలే. తాత వరండాల ఒక్కడే కూసున్నడు. ఒకటే అడిగిండు: "ఆ పిలగాడు మంచి పనిమంతుడు గదనే, ఏమైంది?" తెల్వదు తాతా అన్న.

ఇప్పుడు నేనే ఎగ్జామినర్‌ను. ప్రాజెక్టు సెంటర్లు అట్లనే ఉన్నయి, కాకపోతే మెట్ల మీద లైట్లు పెట్టిండ్రు, ఫోన్‌లనే ప్రాజెక్టు పంపిస్తున్నరు. ఎక్కడ కొన్నవు అని ఏ పిల్లను, ఏ పిలగాన్ని నేను ఇప్పటిదాకా అడగలే. ఎవరి లాప్‌టాప్ అన్న తెరుచుకోకపోతే మిగతా సార్లు గడియారం చూసుకుంటరు, నేను మాత్రం కూసోని ఉంట. "మేడం మనసు మంచిది" అనుకుంటరు పిల్లలు. ఇప్పటి చిప్‌లకు కిటికీలు లేవు, ఎండల పెట్టినా వానల పెట్టినా ఏం కాదు. అయినా ఆ పాఠం వస్తే, మన మేడ మీది ఎండల కూడ అవే కిరణాలుంటయి అని చెప్త. "పరీక్షల వస్తదా మేడం?" అంటరు. రాదు అంట. పెన్నులు కింద పెడ్తరు.

యాదగిరి కర్మ అయిపోయినంక రెండు రోజులకు ఎల్‌బీ నగర్‌ల దిగిన. ఈసారి కావాలని దిగిన. నోరు తెరిచి చెప్పాలని గట్టిగ అనుకొని పోయిన. అతను లేకపోతే అతని భార్యకైనా చెప్పాలె, తిడితే పడాలె, అనుకున్న. షాపు వెనకనే ఇల్లు. భార్య పేరు స్వరూప, నాకన్న చిన్నది. పేరు చెప్పంగనే ఆమె మొఖం వెలిగింది. "భాగ్యక్కనా? కొత్తపేట భాగ్యక్క? కూసో అక్కా, కూసో. మీ తాత, మీ నాయనమ్మ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిండో" అని కుర్చీ తుడిచి వేసింది. ఛాయ్ పెడుతుంటే నేను మాట అందుకున్న. "చెల్లె, ఆ వైవా నాడు ఏమైందంటే..."

"నాకు తెలుసక్కా, ఆయన చెప్పిండు" అన్నది ఆమె, స్టవ్ దిక్కు చూసుకుంటనే. "రూము ఖాళీ చేసే నాడు మీ నాయనమ్మ చెప్పిందట, నీ డబ్బాను, నల్లపట్టీ తీసి, తొమ్మిది రోజులు ఎండకు పెట్టిన కొడుకా, మంచిగ తిరిగిందట గదా అని. ఆయనకు అప్పుడు సమజైందట. ముసలామె బాధపడ్తదని, తిరిగింది అవ్వా అని చెప్పి వచ్చిండట." ఆమె ఛాయ్ వడబోసి గ్లాసు నా చేతిల పెట్టింది. "నేనే అంటుంటి, మరి భాగ్యక్క చూడలేదని ఎందుకు చెప్పిందయ్యా అని. సారు గట్టిగ అడిగితే భయపడి ఉంటది పాపం, ఎండకు పోతదని ఆ పిల్లకు తెల్వదు, తెలిసుంటే తప్పకుండ చెప్పేది, అనేటోడు. మళ్ల పోయి చెప్తే ఆ పిల్ల జన్మంత కుములుతదని నీకు చెప్పలేదట." నా ఎదురుంగ పీట మీద కూసున్నది. అనుమానం ఏం లేదు ఆమె కండ్లల్ల, ఊకె ముచ్చట అడిగినట్టే అడిగింది. "నిజంగనే తెల్వకుండెనా అక్కా, సారు అడిగినప్పుడు?"

"తెల్వకుండె" అన్న.

ఆమె గోడ మీది ఫొటో దిక్కు తిరిగి, "చూసినవా, నువ్వన్నట్టే" అన్నది. నేను ఛాయ్ మొత్తం తాగిన.